మన దారి చివరి సముద్రం – బందరులో ఒకరోజు

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శి గారు కోరినప్పుడు, కాశీ రామేశ్వర యాత్రల గురించి వ్రాసే మిత్రులు ఎలాగూ ఉంటారు కనుక, దగ్గరి ఊరి గురించి వ్రాయదలచాను. సముద్రం చూడాలంటే మనవాళ్ళు విశాఖపట్నమో, భీమిలో వెళతారు. కానీ త్రిపురారం, మిర్యాలగూడ ప్రాంతాల వారికి చరిత్ర చూపించిన సముద్రం బందరు. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి (మనకు ఇప్పటికీ 9వ నంబరు రోడ్డే) చివర ఉన్న ఊరు మచిలీపట్నమే. బెజవాడలో ఆ దారినే బందరు రోడ్డు అంటారు.

సముద్రం చూపించమని మా శ్రీమతి చాలా ఏళ్ళుగా అడుగుతున్నది. నేను ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాడిని. కారణం తరువాత చెబుతాను. కడకు మొన్న చలికాలంలో మిర్యాలగూడ నుండి కోదాడ, అక్కడి నుండి బెజవాడ చేరి, బంధువుల ఇంట రాత్రి పడుకొని, తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాము. ఉయ్యూరు, పామర్రు దాటి, ఎండ ఎక్కకముందే బందరులో దిగాము.

గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ దారి హయత్‌నగర్, పానగల్లుల మీదుగా రేవుకు పోయేది. వజ్రాల వర్తకుడు టావెర్నియే 17వ శతాబ్దంలో ఈ దారిన ప్రయాణించి, మజిలీల పేర్లు వ్రాసి పెట్టాడు. వజ్రాల సంగతి అందరూ చెబుతారు గానీ, సామాన్యుడికి కావలసింది ఉప్పు. కోస్తా నుండి ఉప్పును ఎద్దుల మీద వేసుకొని దక్కనుకు తెచ్చినవారు లంబాడీలు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తీసుకుపోయేవారు. మన మండలం చుట్టుపట్ల తండాల వారి పూర్వీకులు చేసిన ఈ మహా రవాణాకు చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి చోటు దొరకకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

బందరులో పేటల పేర్లే చరిత్ర పాఠం. ఒలందా వారు, అంటే డచ్చివారు, 1605లో వచ్చారు. వారి పేరున వలందపాలెం ఉన్నది. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువారు వచ్చి గిడ్డంగి పెట్టారు. వారిది ఇంగ్లీషుపాలెం. పరాసులు అంటే ఫ్రెంచివారు, వారిది పరాసుపేట. అందరూ వచ్చింది ముఖ్యంగా అద్దకం బట్టల కోసం. చిరివేరు నుండి తీసిన ఎరుపురంగు ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఆ కలంకారీ పని ఈనాడు పక్కనున్న పెడనలో ఎక్కువగా సాగుతున్నది. మస్లిన్ అనే మాట మచిలీపట్నం నుండే పుట్టిందని ఒక దుకాణదారు గట్టిగా వాదించాడు. నిఘంటువులు ఇరాక్‌లోని మోసుల్ పట్టణాన్ని చూపుతాయి. కొత్త ఊరిలో వాదం ఎందుకని ఊరుకున్నాను.

ఆటో చేసుకొని బందరు కోటకు వెళ్ళాము. కోట అనగానే గోల్కొండను ఊహించుకోరాదు. చిత్తడి నేలలో మిగిలిన పాత కట్టడాల గోడలు, మొండి గుమ్మాలు, అంతే. అయినా మన ప్రాంతపు తలరాతను మార్చిన చోటు ఇది. 1759 ఏప్రిల్ 7 రాత్రి కర్నల్ ఫోర్డ్ బురదనేల మీదుగా కూడా సైనికులను నడిపించి, ఫ్రెంచివారి చేతిలోని ఈ కోటను తెల్లవారేసరికి పట్టుకున్నాడు. ఫ్రెంచివారికి తోడ్పడడానికి పెద్ద సైన్యంతో వచ్చిన సలాబత్ జంగ్ మరుసటి నెలలోనే ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకొని బందరును వారికి ఇచ్చివేశాడు. మిగిలిన సర్కారులు కూడా ఒక్కొక్కటే పోయి, 1788లో గుంటూరు సర్కారుతో హైదరాబాదు రాజ్యానికి సముద్రతీరం లేకుండా పోయింది. ఒకనాటి సొంత రేవులో సరుకు దింపుకోవడానికి 1802లో కంపెనీతో వేరే ఒడంబడిక చేసుకోవలసి వచ్చింది!

రేవును కడపట దెబ్బ తీసింది మాత్రం సముద్రమే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఊరిని ముంచి, కొన్నిచోట్ల 17 మైళ్ళ లోపలికి పోయింది. సుమారు 30,000 మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఇంగ్లీషువారు సైన్యాన్ని ఇక్కడి నుండి తీసివేశారు. తీరం మేట వేసి ఉండటం వలన పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో ఆగవలసి వచ్చేది. బెజవాడ నుండి రైలు వచ్చేసరికి 1908 అయింది.

అయినా ఊరు చదువు వదలలేదు. నోబుల్ కళాశాల, కృష్ణాపత్రిక, ఆంధ్ర జాతీయ కళాశాల ఇక్కడివే. మన పింఛనుదారులకు దగ్గరి సంగతి మరొకటి ఉన్నది. ఆంధ్రా బ్యాంకును డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో, ఈ ఊరిలోనే స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. నా పాత పాస్‌బుక్కు మాత్రం బీరువాలో భద్రంగానే ఉన్నది.

భోజనాలు చేసి మంగినపూడి వెళ్ళాము. ఇసుకకు బదులు నల్లని బంకమట్టి, ఎంతదూరం పోయినా లోతులేని నీళ్ళు. దగ్గర్లోనే 2023లో శంకుస్థాపన జరిగిన కొత్త రేవు పనులు నడుస్తున్నాయి.

నా సాకుల కారణం ఇక్కడ చెప్పాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను కొలువులో కొత్త. బియ్యం, బట్టల లారీతో నన్నూ మరో ఇద్దరినీ అవనిగడ్డ వైపు పంపారు. తాటిచెట్ల మట్టల్లో చీరలు చిక్కుకొని ఉన్నాయి. ఇల్లు ఉన్నచోట ఒక ముసలాయన ఉత్త నేల మీద కూర్చొని ఉన్నాడు. బియ్యం ఇస్తే, ఎవరికి వండాలి బాబూ అన్నాడు. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పటి నుండి సముద్రం పేరెత్తితే నాకు ఆ మాటే వినబడేది. ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

ఆ రోజు ఒడ్డున కూర్చొని చెప్పాను. మా ఆమె అంతా విన్నది. కాసేపటికి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకొని నీళ్ళలోకి నడిచి, మోకాలి లోతున నిలబడి వెనక్కు తిరిగింది. "ఏమండీ, చెప్పులు ఆడ ఇడిసి రాండ్రి. నేను పట్టుకుంట" అన్నది.

చెప్పులు విడిచాను. అయిదున్నర బస్సు తప్పిపోయి, ఆరున్నర బస్సు దొరికింది. మనవలకని కొన్న బందరు లడ్డూలలో నాలుగు బెజవాడ చేరకముందే అయిపోయాయి.