షివరింగ్ ఐల్స్ (ఆట విస్తరణ)

షివరింగ్ ఐల్స్ అనునది ద ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్ అను కాల్పనిక రోల్ ప్లేయింగ్ వీడియో ఆటకు వెలువడిన విస్తరణ భాగము. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రమునకు చెందిన బెథెస్డా గేమ్ స్టూడియోస్ దీనిని రూపొందించినది. 2007 మార్చిలో విండోస్ కంప్యూటర్లకు, ఎక్స్‌బాక్స్ 360 యంత్రమునకు 30 డాలర్ల ధరతో విడుదలైనది. ఇది స్వతంత్రమైన ఆట కాదు. మూల ఆట ఉన్నవారు మాత్రమే దీనిని ఆడగలరు.

నేపథ్యము

ఆబ్లివియన్ 2006 మార్చిలో విడుదలైనది. మరుసటి నెలలోనే సంస్థ ఆటలోని గుర్రమునకు తొడుగు కవచమును ఎక్స్‌బాక్స్ వినియోగదారులకు 200 మైక్రోసాఫ్టు పాయింట్లకు, అనగా రెండున్నర డాలర్లకు అమ్మినది. ఆట గమనమును దాదాపు మార్చని ఇట్టి అలంకారమునకు వేరుగా రుసుము అడుగుట తీవ్ర విమర్శకు గురియైనది. నేటికిని వీడియో ఆటలలో అనవసరపు అమ్మకములకు ఈ గుర్రపు కవచమునే ఉదాహరణగా చూపుదురు. 80 పాయింట్లు ఒక డాలరుకు సమానము. ధర డాలర్లలో కనబడనందున కొనువారికి ఖర్చు వెంటనే స్ఫురించెడిది కాదు. ఈ పాయింట్ల పద్ధతి 2013లో రద్దయినది.

2006 నవంబరులో సుమారు 10 డాలర్లకు నైట్స్ ఆఫ్ ద నైన్ అను చిన్న విస్తరణ వచ్చినది. దాని తరువాతిదే షివరింగ్ ఐల్స్.

కథ

(కథను ముందుగా తెలుసుకొనగోరనివారు ఈ విభాగమును విడిచి చదువవచ్చును.)

నైబెన్ అఖాతములోని ఒక చిన్న దీవిపై వింతద్వారము తెరచుకొనును. దాని ఆవల ఉన్నది ఉన్మాదమునకు అధిపతియైన షియోగొరాత్ రాజ్యము. ఆ రాజ్యము రెండు భాగములు. రంగురంగుల పుట్టగొడుగులతో వెలుగుచుండు మేనియా ఒకటి, బురదనేలలతో చీకటిగా ఉండు డిమెన్షియా మరియొకటి. మొదటి పేరు గ్రీకు పదము, రెండవది లాటిన్ పదము. వైద్యశాస్త్రమున డిమెన్షియా అనగా జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించు స్థితి. ఆటలో ఆ అర్థము లేదు. అచటివారి లక్షణములు అనుమానము, దిగులు, భయము మాత్రమే.

ప్రతి యుగాంతమున గ్రేమార్చ్ అను దండయాత్ర జరిగి ఈ రాజ్యము నాశనమగును. దండెత్తువాడు క్రమబద్ధతకు అధిపతియైన జిగలాగ్. అతని బలమునకు జంకిన ఇతర అధిపతుల శాపము వలన జిగలాగే షియోగొరాత్‌గా మారినాడని, ఇరువురును ఒక్కరేనని చివరకు తెలియును. పిమ్మట ఆటగాడే ఆ సింహాసనమును అధిష్ఠించును.

కొనుగోలుదారునికి విలువ

విడుదలనాటికి మూల ఆట ధర విండోస్‌పై 50, ఎక్స్‌బాక్స్‌పై 60 డాలర్లు. అనగా విస్తరణకు సగము, లేదా అంతకు మించిన సొమ్ము అడిగినారు. అదే సొమ్ముకు పన్నెండు గుర్రపు కవచములు వచ్చెడివి. ధర అధికమైనను, కొత్త భూభాగము మూల ఆటలోని దేశములో సుమారు నాలుగవ వంతు. గుహలు, జీవులు, ఆయుధములు, సంభాషణలు దాదాపు అన్నియు కొత్తవి. క్జెడిలియన్ అను చెరసాలలో ఆటగాడు బోనులలో చిక్కిన సాహసికులను చంపుటయా, పిచ్చివారిని చేయుటయా అని నిర్ణయించవలెను. ఇట్టి విచిత్రమైన ఘట్టములు మూల ఆటలో అరుదు. అచటి అడవులు, కోటలు ఒకే తీరుగా తోచి విసిగినవారికి ఈ విస్తరణ ఎక్కువగా నచ్చును.

అయితే ఆట నియమములే నచ్చనివారికి ఇది పరిష్కారము కాదు. ఆటగాని స్థాయిని బట్టి శత్రువుల బలము పెరుగు పద్ధతి ఇచటను అట్లే ఉన్నది. బహుమతిగా లభించు పలు ఆయుధముల శక్తి, వాటిని పొందిన నాటి స్థాయిని బట్టి స్థిరపడును. కావున తక్కువ స్థాయిలో ప్రవేశించుటకు అడ్డు లేకున్నను, అందువలన కొంత నష్టము కలుగును.

విండోస్ వినియోగదారులకు మరియొక లెక్క కలదు. బెథెస్డా ఉచితముగా ఇచ్చిన నిర్మాణ ఉపకరణముతో ఔత్సాహికులు అనేక అదనపు భాగములను తయారుచేసి ఉచితముగా పంచినారు. ఎక్స్‌బాక్స్ వారికి ఆ వీలు లేదు. కనుక విస్తరణ విలువ వారికే అధికము. సంభాషణలు తెలుగులో లభించవు. కథ అంతయు మాటలలోనే నడచుట వలన ఆంగ్లము బాగుగా రానివారికి హాస్యము చాలవరకు అందదు.

లోపము

విండోస్ ప్రతిలో ఒక తీవ్రదోషము బయటపడినది. ఆటలోని వస్తువులకు కేటాయించు సంఖ్యలు అతివేగముగా ఖర్చయి, అనేక గంటలు ఆడిన పిమ్మట కొత్త వస్తువులు ఏర్పడుట ఆగిపోయెడిది. కొత్త దీవులకు వెళ్ళకున్నను, విస్తరణను చేర్చినంత మాత్రమున భద్రపరచిన ఆట చెడిపోవు ప్రమాదము ఉండెను. తరువాత విడుదలైన సవరణతో ఇది తొలగినది.

తరువాతి సంచికలు

2007లోనే మూల ఆటను, రెండు విస్తరణలను కలిపి గేమ్ ఆఫ్ ద ఇయర్ సంచికగా వెలువరించినారు. ఆరు నెలలు ఓపిక పట్టినవారికి 30 డాలర్లు మిగిలినవి. 2025 ఏప్రిల్ 22న విడుదలైన ఆబ్లివియన్ రీమాస్టర్డ్‌లో కూడ షివరింగ్ ఐల్స్ అంతర్భాగము. దాని సాధారణ సంచిక ధర 50 డాలర్లు. మరి 10 డాలర్లు చెల్లించువారికి లభించు డీలక్స్ సంచికలో కొత్త గుర్రపు కవచములను చేర్చినారు.