ఎనిమిది గంటల వెనుక

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక నూలు మిల్లు టైం ఆఫీసులో హాజరు పుస్తకాలు వ్రాసినవాణ్ణి గనుక, పనిగంటల చరిత్రనే ఎంచుకున్నాను.

మన దేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. అది పిల్లల పనిని రోజుకు 9 గంటలకు కట్టడి చేసిందే గాని పెద్దల ఊసెత్తలేదు. తెల్లవారితే పని మొదలు, చీకటి పడితే ముగింపు. వారానికొక సెలవు కోసం బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టారు. 1890 జూన్ 10న యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు చట్టం వారపు సెలవును అందరికీ ఇచ్చి, స్త్రీలకు 11 గంటల హద్దు పెట్టింది.

తరువాత మిల్లులకు విద్యుద్దీపాలు వచ్చాయి. చీకటి అనే హద్దు పోయి, పని కొన్నిచోట్ల 14, 15 గంటలకు పాకింది. అందుమీదట 1911లో బట్టల మిల్లుల్లో మగవారికి 12 గంటలు, 1922లో 11, 1934లో 10 అయ్యాయి. డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యులుగా ఉండగా తెచ్చిన 1946 సవరణతో, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటలు వచ్చాయి. 1948 చట్టం దానిని నిలబెట్టింది. ఓవర్‌టైముకు రెట్టింపు వేతనమూ అందులో ఉన్నది.

చట్టం అలా ఉండగా, మా మిల్లులో రెండు పుస్తకాలు ఉండేవి. ఇన్‌స్పెక్టరుగారు చూసే దానిలో ఎనిమిది గంటలు, రెండవదానిలో పదహారు. రెండూ వ్రాసింది ఈ చేతులే. కార్మికులూ కాదనేవారు కారు. ఆడపిల్ల పెళ్ళి, ఇంటి అప్పు వారిని రెండో షిఫ్టుకు నిలిపేవి. ఒక రాత్రి నిద్రమత్తులో ఒకతనికి యంత్రంలో రెండు వేళ్ళు పోయాయి. మొదటి పుస్తకం ప్రకారం ఆ వేళకు అతను ఇంట్లో ఉన్నాడు. పరిహారం కోసం అతని భార్య వచ్చి నా బల్ల ముందు నిలబడితే, నాకూ సంసారం ఉన్నదని ఊరుకున్నాను. పెన్షను తీసుకునే ప్రతి నెలా ఆమె గుర్తుకు వస్తుంది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మా మనుమడు రాత్రి పదకొండింటి దాకా ల్యాప్‌టాప్ ముందే ఉంటాడు. "ఎన్ని గంటలైందిరా?" అంటే, "లెక్క పెట్టను తాతయ్యా" అంటాడు. మన ఇళ్ళలోని పిల్లలందరికీ నా మనవి ఒక్కటే: నాయనా, మీ గంటలు మీరే వ్రాసుకోండి. నిజమైనవి వ్రాసుకోండి.