లెక్కలు చేసిన గుర్రం

"ఎందుకలా గంగిరెద్దులా తల ఊపుతావు?" అనే మాట మన ఇళ్ళలో పిల్లలకీ తప్పదు, ఒక్కోసారి భర్తలకీ తప్పదు. విషయం బుర్రకెక్కకపోయినా సరే సరే అనేవాళ్ళని అలా అంటాం. సంక్రాంతికి గుమ్మం ముందుకొచ్చిన గంగిరెద్దు "అమ్మగారికి దండం పెట్టు" అనగానే ముందుకాళ్ళు వంచుతుంది. "అయ్యగారు పాత పంచె ఇస్తారా?" అని అడిగితే తల ఊపుతుంది. చూసే చిన్నపిల్లలకి అది మాటలు అర్థమయ్యే చేస్తున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్ళకి మాత్రం తెలుసు, ఆ సన్నాయిలోనో, డోలు దెబ్బలోనో, పట్టుకున్న తాడులోనో ఎద్దుకి అందే సైగ ఉందని. ఆడించేవాడికి ఇంకా బాగా తెలుసు. నేర్పింది తనే కదా.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక గుర్రం కథ. ఇందులో వింత ఏమిటంటే, సైగ చేస్తున్న సంగతి ఆడించేవాడికే తెలియదు. చూసేవాళ్ళకీ తెలియదు. తెలిసింది ఒక్క గుర్రానికే.

ఇది జర్మనీలోని బెర్లిన్‌లో జరిగింది. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అని ఒకాయన ఉండేవాడు. బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. నేను ఓస్టెన్ మాస్టారు అనే అంటాను, ఆయన తీరు చూస్తే ఆ పిలుపే సరిపోతుందనిపిస్తుంది. మనిషికీ జంతువుకీ తెలివిలో ఉన్న తేడా కాస్త ఎక్కువ తక్కువలదే తప్ప మరేమీ కాదని డార్విన్ రాసి అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ మాట యూరప్‌లో చాలామంది మనసుల్లో నాటుకుంది. మాస్టారి వాదన కూడా అదే. జంతువులకి తెలివి లేక కాదు, ఓపిగ్గా చదువు చెప్పేవాడు లేక అలా ఉండిపోయాయి అని. ఆ మాట రుజువు చేయడానికి హాన్స్ అనే గుర్రాన్ని శిష్యుడిగా పెట్టుకున్నాడు.

ఇంటి పెరట్లోనే బడి. చిన్నపిల్లలకి చెప్పినట్టే చెప్పాడు. లెక్కపెట్టడానికి చెక్క బొమ్మలు, పూసల చట్రం, అంకెలు రాసిన నల్లబల్ల. గుర్రానికి నోరు లేదు కాబట్టి కుడి ముందుకాలి గిట్టతో నేలని తట్టి జవాబు చెప్పాలి. మూడైతే మూడు సార్లు, ఏడైతే ఏడు సార్లు. అక్షరాలక్కూడా అంకెలతో ఒక పట్టిక తయారుచేశాడు. సరిగ్గా చెబితే రొట్టెముక్కో, క్యారెట్టో బహుమానం. ఇలా దాదాపు నాలుగేళ్ళు సాగింది. పిల్లాడికి రెండో ఎక్కం అప్పజెప్పించేసరికే మనకి ఓపిక అయిపోతుంది. ఆ మనిషి ఒక గుర్రానికి భిన్నాల దాకా చెప్పుకొచ్చాడు.

1904 నాటికి హాన్స్ పేరు మారుమోగిపోయింది. కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు చేసేది. టైమెంతైందో చెప్పేది. "నెలలో ఎనిమిదో తారీఖు మంగళవారం వస్తే, ఆ తర్వాతి శుక్రవారం ఎన్నో తారీఖు?" అని అడిగితే పదకొండు సార్లు తట్టి ఆగేది. జనం ఆ పెరట్లోకి గుంపులుగా వచ్చేవారు. మాస్టారు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక కూడా ఈ వింత గురించి రాసింది.

సహజంగానే అనుమానాలు వచ్చాయి. మాస్టారు ఎక్కడో సైగ చేస్తున్నాడన్నారు కొందరు. అదే సెప్టెంబరులో 13 మంది పెద్దలు కూర్చుని పరీక్షించారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం ఆచార్యుడు కార్ల్ స్టుంఫ్, జంతుప్రదర్శనశాల అధికారి, పశువైద్యుడు, గుర్రాల సంగతి తెలిసిన సైనికాధికారి, సర్కస్ నడిపే ఆయన, బడిపంతుళ్ళు, ఇలా అన్ని రకాలవాళ్ళూ ఉన్నారు అందులో. సర్కస్ ఆయన్ని ఎందుకు పెట్టారో ఊహించుకోవచ్చు. జంతువులతో చేసే మోసాలన్నీ ఆయనకి కరతలామలకం. చివరికి అందరూ కలిసి, ఇందులో కావాలని చేసే మోసమేదీ లేదని తేల్చారు. మాస్టారు పక్కన లేకుండా వేరేవాళ్ళు అడిగినా గుర్రం జవాబు చెబుతోంది మరి! వాళ్ళన్నది మోసం లేదని మాత్రమే. లోకం మాత్రం దాన్ని గుర్రానికి లెక్కలొచ్చని సర్టిఫికెట్ ఇచ్చినట్టే తీసుకుంది.

స్టుంఫ్ అక్కడితో వదల్లేదు. తన దగ్గర పనిచేసే ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే విద్యార్థికి ఈ పని అప్పజెప్పాడు. ఫుంగ్స్ట్ చేసినవన్నీ చాలా సాదా పరీక్షలు. ఇంట్లో మనమూ చేయగలిగేటంతటివి.

అంకె రాసిన అట్టముక్కని గుర్రానికి చూపించేవాడు. ఒకసారి అడిగేవాడికి ఆ అంకె తెలిసేలా, ఇంకోసారి తెలియకుండా. అడిగేవాడికి తెలిస్తే హాన్స్ పదింట తొమ్మిది సరిగ్గా చెప్పేది. తెలియకపోతే పదింట ఒక్కటి కూడా కుదిరేది కాదు. ఇంకో పరీక్షలో గుర్రం చెవిలో మాస్టారు ఒక అంకె చెప్పాడు, ఫుంగ్స్ట్ వచ్చి ఇంకో అంకె చెప్పాడు. ఒకరు చెప్పింది రెండోవారికి తెలియదు. రెండూ కూడమంటే గుర్రం తడబడింది. కళ్ళకి పక్కగంతలు కట్టి, అడిగే మనిషి కనిపించకుండా చేస్తే ఆ మనిషిని చూడాలని మెడ తిప్పి తంటాలు పడింది. మనిషి దూరం జరిగేకొద్దీ తప్పులు ఎక్కువయ్యాయి. ఫుంగ్స్ట్ ఇంకోటి కూడా గమనించాడు. లెక్కపెట్టమన్న వస్తువుల వంక హాన్స్ అసలు సరిగా చూడటమే లేదు. దాని చూపంతా అడిగేవాళ్ళ మీదే.

ఇక గుర్రాన్ని వదిలేసి, అడిగే మనుషుల్ని చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు దొరికింది గుట్టు.

ప్రశ్న అడగగానే మనిషి గిట్ట వైపు చూడటానికి తల కాస్త ముందుకు వంచుతాడు. అది గుర్రానికి మొదలుపెట్టమన్నట్టు. తట్టడం మొదలవగానే లోపల ఒక బిగువు. సరైన అంకె దగ్గరకి రాగానే ఆ బిగువు సడలి, తల ఇసుమంత పైకి లేస్తుంది. కనుబొమలో, ముక్కుపుటాలో కదులుతాయి. అంతే, గిట్ట ఆగిపోతుంది. పక్కన నిలబడిన 13 మంది పెద్దల కళ్ళకీ కనిపించనంత చిన్న కదలిక అది. చేస్తున్నవాడికీ తెలియదు. హాన్స్‌కి కూడిక రాదు, తీసివేత రాదు, కానీ మనిషి ముఖం చదవడం వచ్చు. అదీ ఎవరూ నేర్పకుండా.

ఫుంగ్స్ట్ తర్వాత ప్రయోగశాలలో తనే గుర్రం వేషం వేశాడు. ఎదుటి మనిషిని ఒక అంకె మనసులో అనుకోమని, తను చేత్తో బల్ల మీద తడుతూ వాళ్ళ తల వంక చూసేవాడు. 25 మందిలో 23 మంది తమకి తెలియకుండానే ఎక్కడ ఆపాలో చెప్పేశారు. గుట్టు తెలిశాక కూడా, హాన్స్ ముందు నిలబడితే ఆ కదలికని ఆపుకోవడం ఫుంగ్స్ట్‌కే కష్టమైందట. ఇదంతా 1907లో పుస్తకంగా వచ్చింది.

ఓస్టెన్ మాస్టారు దీన్ని ఒప్పుకోలేదు. ఇక పరీక్షలు చాలన్నాడు. 1909లో చనిపోయేదాకా తన శిష్యుడికి లెక్కలొచ్చనే నమ్మాడు. తర్వాత హాన్స్ కార్ల్ క్రాల్ అనే వ్యాపారి చేతికి వెళ్ళింది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక సైన్యానికి తీసుకుపోయిన లక్షల గుర్రాల్లో అదీ ఒకటైంది.

ఈ కథని ఎక్కడ చెప్పినా పాపం పిచ్చి మాస్టారు, మోసపోయిన జనం అన్నట్టు చెబుతారు. నాకు అలా అనిపించదు. నాలుగేళ్ళ చదువూ వృథా పోలేదు. ఆయన నేర్పిందొకటి, అది నేర్చుకున్నది ఇంకొకటి, అంతే. రొట్టెముక్క ఎప్పుడు వస్తోందో అది చూసుకుంది. పూసల్ని చూస్తే రావడం లేదు, మాస్టారి ముఖాన్ని చూస్తే వస్తోంది. గుర్రం వైపు నుంచి ఆలోచిస్తే అంతకంటే తెలివైన పని ఏముంది?

పశువులతో మెలిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కొత్త మనిషి చెంబు పట్టుకుని కూర్చుంటే గేదె చేపదు. పాలు ఎగబెట్టుకుంటుంది. మనం ఊరెళ్ళడానికి బ్యాగు సర్దుకుంటుంటే ఇంట్లో కుక్క అన్నం మానేస్తుంది. వేల ఏళ్ళుగా మనిషి నీడలో బతికిన ప్రాణులవి. మనిషి మనసు ఎటు తిరుగుతుందో కనిపెట్టడం మీదే వాటి తిండీ, దెబ్బా ఆధారపడి ఉన్నాయి. నేర్చుకోక ఏం చేస్తాయి?

హాన్స్ తర్వాత శాస్త్రవేత్తలు చాలా జాగ్రత్తపడ్డారు. జంతువు మీద పరీక్ష చేసేటప్పుడు జవాబు తెలిసిన మనిషి దాని కంట పడకుండా చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. అయినా ఈ సంగతి మళ్ళీ మళ్ళీ తల ఎత్తుతూనే ఉంది. 1963లో రాబర్ట్ రోసెంతాల్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త మామూలు ఎలుకల్నే విద్యార్థులకి పంచి, కొందరికి ఇవి తెలివైన జాతి అనీ, కొందరికి మందజాతి అనీ చెప్పాడు. తెలివైనవని పేరు పెట్టిన ఎలుకలే దారి బాగా నేర్చుకున్నాయి. ఆ విద్యార్థులు వాటిని మెత్తగా, ఇష్టంగా పట్టుకున్నారట. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖవారు పోలీసు కుక్కల మీద ఒక పరీక్ష చేశారు. అక్కడ మత్తుమందు గానీ, పేలుడు మందు గానీ ఏమీ పెట్టలేదు. కానీ ఉందని కుక్కని నడిపించేవాళ్ళని నమ్మించారు. ఉందని వాళ్ళు అనుకున్న చోట కుక్కలు దొరికిందన్నట్టు సూచించాయి. ఆ సూచనని నమ్మి ఒక మనిషిని పట్టుకుంటే? ఆలోచిస్తే భయమేస్తుంది.

అంత దూరం ఎందుకు, మా ఇంటి సంగతే చూడండి. సాయంత్రం పిల్లాడు ఎక్కాలు అప్పజెబుతుంటాడు. "ఏడు ఎనిమిదులు?" అంటే "యాభై... నాలుగు..." అని నా వంక చూస్తాడు. నా ముఖంలో ఏం కదులుతుందో నాకు తెలియదు. "కాదు కాదు, యాభై ఆరు" అంటాడు. పక్కన కూర్చుని చదివించినప్పుడు అన్నీ వచ్చినట్టే ఉండి, పరీక్షలో పోతాయి ఎందుకని చాలామంది తల్లులు అడుగుతుంటారు. పరీక్ష హాల్లో అమ్మ ముఖం ఉండదు కదా! నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతూ, వాడికి వీపు పెట్టి అడిగినప్పుడు ఏది వచ్చో ఏది రాదో తేటగా తెలుస్తుంది.

పిల్లలొక్కరే కాదు. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. "నొప్పి తగ్గింది కదా అత్తయ్యా?" అని ఆశగా అడిగితే "ఆఁ, నయమేనమ్మా" అంటారు. మందులకి అయిన ఖర్చు, మావారు ఆఫీసుకి పెట్టిన సెలవు, అన్నీ మా ముఖాల్లో కనబడుతూ ఉంటాయి ఆవిడకి. అదే "రాత్రి ఎన్నిసార్లు లేచారు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. మొదటి ప్రశ్నకి జవాబు మన ముఖం మీదే రాసి ఉంది. రెండోదానికి జవాబు ఆవిడ దగ్గరే ఉంది.

మన దయ మీద బతికే ప్రాణులన్నీ మన ముఖం చూసే జవాబు చెబుతాయనిపిస్తుంది నాకు. గుర్రమైనా, పసిపిల్లలైనా, వయసుమళ్ళిన పెద్దవాళ్ళైనా. అది అబద్ధం కాదు, మోసమూ కాదు. మనల్ని సంతోషపెట్టాలని వాళ్ళు పడే తాపత్రయం. ఓస్టెన్ మాస్టారి పక్కన హాన్స్ నాలుగేళ్ళు పడిన తాపత్రయమూ అదే. ఆయన మాత్రం గిట్టనే చూస్తూ, చప్పుళ్ళు లెక్కపెడుతూ ఉండిపోయాడు. అది తన వంకే చూస్తోందని ఆయనకి తట్టలేదు.

వీలైతే ఈ వారం మీ ఇంట్లో ఎవరినైనా, మీకు నిజంగా జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడిగి చూడండి. బళ్ళో ఇవాళ నీ పక్కన ఎవరు కూర్చున్నారు అనో, మీ చిన్నప్పుడు ఈ కూర ఎలా వండేవారు అనో. అడిగి, వాళ్ళు చెప్పేదాకా ఆగండి.