పురుషోత్తమ చౌధరి

పురుషోత్తమ చౌధరి (1803–1890): తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు, సువార్తికుడు. శ్రీకాకుళం సరిహద్దునే ఉన్న పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆ కాలంలో అలాంటి నిర్ణయంతో కులంవారూ బంధువులూ దూరమయ్యేవారు. తర్వాతి జీవితమంతా బోధనకు, పాటకు అంకితమైంది. కీర్తనలు తెలుగులో కట్టారు. అదీ కర్ణాటక రాగతాళాల్లో, భజన బాణీల్లో. పాశ్చాత్య వరసలకు తెలుగు మాటలు అతికిన అనువాద గీతాల పక్కన ఇవి సొంతింటి పాటల్లా వినిపిస్తాయి. పాపి మొర, క్షమాపణ, దొరికిన దిక్కు వాటి ప్రధాన వస్తువులు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటిలో ఆయనవి ఎన్నో ఉన్నాయి. తెలుగు చర్చిల్లో ఆరాధన వేళ వాటిని నేటికీ పాడతారు.