పద్మ: పత్రికల ఖతులను చదివించిన పొడిగింపు

2001లో దోహా నుంచి అల్ జజీరా తన అరబీ వెబ్‌సైటును ప్రారంభించింది. అరబీకి అప్పటికే విండోస్-1256 వంటి ఉమ్మడి సంకేతపట్టిక ఉంది; పదంలో ఏ అక్షరం ఎక్కడ ఏ ఆకారం దాల్చాలో నిర్వహణ వ్యవస్థే చూసుకొనేది. కతార్‌లోని అదే కంప్యూటరులో తెలుగు దినపత్రికను తెరిస్తే, దాని ఖతి లేనప్పుడు, నెత్తిన చుక్కలూ గీతలూ మోసే రోమను అక్షరాలు బారులు తీరేవి. కొత్త ఖతిని ఎక్కించే అనుమతి ఆఫీసు కంప్యూటర్లలో సాధారణంగా ఉండదు.

దీనికి లిపి క్లిష్టతనే తప్పుపట్టడం న్యాయం కాదు. భారతీయ లిపులకు 1991లోనే ఇస్కీ ప్రమాణం ఉంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులో తెలుగుకు చోటూ దక్కింది. లోపించినది వాటిని అమలుచేసే సాఫ్ట్‌వేరు. గౌతమి ఖతితో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది 2001లో. పత్రికలు అందాకా ఆగలేదు. రోమను అక్షరాల గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చి, ఎవరి ఖతిని వారు తయారుచేసుకున్నారు. పేజీతో పాటే ఖతినీ పంపే ఉపాయాన్ని 1997లో నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండూ తెచ్చాయి గాని, ఒకదాని ఫైలు రెండవదానికి పనికిరాదు. మొజిల్లా వచ్చేసరికి నెట్‌స్కేప్ పద్ధతి కాస్తా అంతరించింది.

ఈ స్థితిలో, 2000 దశకం మధ్యలో, నాగార్జున వెన్న మొజిల్లా బ్రౌజర్ల కోసం ‘పద్మ’ అనే పొడిగింపును రూపొందించారు. ఈనాడు, వార్త వంటి పత్రికల ఖతులలోని పాఠాన్ని అది పాఠకుని తెరమీదనే యూనికోడ్‌లోకి మార్చేది. ఇది కేవలం గళ్ళ మార్పిడి కాదు. ‘స్త్రీ’ని తీసుకోండి. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, చివరికి దీర్ఘం. ఖతిలో ఉన్నది కంటికి కనబడే క్రమం: ముందు దీర్ఘంతో కూడిన ‘సీ’, ఆపైన వత్తులు. కొన్ని ఖతుల్లోనైతే రవత్తు అసలు అక్షరానికి ముందే వచ్చి కూర్చుంటుంది. కనుక ప్రతి ఖతికీ వేరే పట్టిక తయారుచేయాలి, ముక్కలను గుర్తించాలి, అక్షరం ఎక్కడ ముగిసిందో తేల్చాలి, అచ్చును చివరికి జరపాలి. ఒక పత్రిక ఖతిని మారిస్తే పట్టిక మళ్ళీ మొదటికి. తెలుగుతో మొదలైన ఈ పని తరువాత తమిళ, మలయాళ, దేవనాగరి తదితర లిపులకూ విస్తరించింది. ప్రమాణం పాటించని పత్రికల భారాన్ని పాఠకుల పక్షాన ఒక వ్యక్తి మోయడం విడ్డూరమే.

అయితే పద్మ మార్చినది తెరమీది పాఠాన్నే. సర్వర్లో ఉన్నది అలాగే ఉండిపోయింది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింపులన్నిటినీ తోసిపుచ్చింది. అప్పటికి ప్రధాన పత్రికలు యూనికోడ్‌కు మారినందున పెద్దగా అలజడి లేదు. కాని ఖతుల కాలంలో భద్రపరచిన పేజీ ఏదైనా నేటి బ్రౌజరులో తెరిస్తే కనిపించేవి ఆ రోమను అక్షరాలే. అందులో ‘హైదరాబాదు’ అని తెలుగులో వెదికితే ఒక్కచోటా దొరకదు.