హమాములు పోయిన ఊరు

బెంగళూరులో హిజ్రాలు బతికిన తీరు తెలియాలంటే హమాముల దగ్గరికే వెళ్లాలి. పైకి అది వేన్నీళ్ల స్నానాలు దొరికే చోటు. కట్టెల పొయ్యి, దానిమీద మసిబారిన పెద్ద కాగు, పక్కనే ఇరుకు స్నానాల గదులు. ఇంట్లో నీటి వసతి లేని కూలీనాలీ జనం డబ్బులిచ్చి ఒళ్లు కడుక్కుని వెళ్లేవారు. లోపల హిజ్రా గురువు, ఆమె చేలాలు, అంటే శిష్యురాళ్లు. నీళ్లు కాచడం, వండుకోవడం, విటులు రావడం, పండగలు, పోట్లాటలు, అన్నీ ఆ కప్పు కిందే.

అక్కడేమీ స్వర్గం లేదు. పోలీసులు వచ్చి కొట్టేవారు, రౌడీలు వచ్చి దోచుకునేవారు. పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ కర్ణాటక శాఖ 2003 నివేదికలో ఈ హింసంతా ఉంది. అయినా వీధికంటే హమాము నయం. ఇల్లు వెళ్లగొట్టిన పిల్లను ఇక్కడ చేలాగా చేర్చుకునేవారు. చీర కట్టుకోవడం నుంచి ఎవరిని నమ్మాలో ఎవరిని నమ్మకూడదో దాకా అక్కడే నేర్పేవారు. హిజ్రా రచయిత్రి ఎ. రేవతి తన హమాము రోజుల్ని దాపరికం లేకుండా రాసింది. పి. సత్యవతి తెలుగు చేసిన ఆమె పుస్తకం ‘ఒక హిజ్రా ఆత్మకథ’ చదివినవారికి ఆ బతుకు తెలుసు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది.

ఆ హమాములు ఒక్కొక్కటే మూతపడ్డాయి. యుద్ధమేమీ జరగలేదు. ఐటీ వచ్చాక బెంగళూరులో నేల బంగారమైంది. పరాయి స్థలంలో అద్దెకున్నవాళ్లు ఆ ధరకు ఎంతకాలం ఆగగలరు? ఇంటింటికీ గీజర్ వచ్చి వేన్నీళ్ల బేరమూ పడిపోయింది. పాత పెంకుటిళ్లున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి.

విడిగా ఇళ్లు తీసుకున్నవారికీ నిలకడ లేదు. 2008లో దాసరహళ్లిలో హిజ్రాలకు అద్దెకిచ్చినవారిపై పోలీసుల ఒత్తిడి వచ్చి, ఎందరో సామాను నెత్తినెత్తుకోవలసి వచ్చింది. 2011లో కర్ణాటక పోలీసు చట్టంలో చేర్చిన 36ఎ సెక్షన్ హిజ్రాల పేర్లూ చిరునామాలూ పోలీసు రిజిస్టరుకెక్కించే వీలు కల్పించింది. మన నిజాం కాలపు 1919 నపుంసకుల చట్టానిదీ ఇదే బుద్ధి.

ఇలా చోటు పోవడం ఒక్క బెంగళూరుకే కాదు. లండన్‌లో 2006లో 125 ఉన్న ఎల్‌జీబీటీ క్లబ్బులూ పబ్బులూ 2017కి 53 అయ్యాయని అక్కడి యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. వాటిలో ఒకటైన రాయల్ వాక్స్‌హాల్ టావెర్న్ పబ్బును కాపాడటానికి 2015లో దాన్ని వారసత్వ కట్టడంగా ప్రకటించారు. మసిబారిన కాగుకు ఆ గౌరవం ఎవరిస్తారు?

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకుంది. 2018లో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు పీకింది. హక్కు వచ్చేసరికి నీడ పోయింది. పబ్బుల్లో క్వీర్ రాత్రులు జరుగుతున్నాయి, మంచిదే. అవి ఇంగ్లీషు, చేతినిండా డబ్బు ఉన్నవాళ్లకు. చిత్తూరు నుంచో కోలారు నుంచో ఇల్లొదిలి మెజెస్టిక్ బస్టాండులో దిగిన పిల్లకు ఒకప్పుడు దారి చూపడానికి హమాము ఉండేది. ఇప్పుడు గది కావాలంటే నెలల తరబడి అద్దె అడ్వాన్సుగా కట్టాలి. అదీ ఇంటి ఓనరు ఆమెను చూశాక కూడా ఇస్తానంటే.