ముందు మాట వినపడాలి

కోఠి గుజరాతీ గల్లీలో సాయంత్రం ఆరు దాటింది. ఒక కొట్టు ముందు భజన, పక్క కొట్టు ముందు తీన్మార్, ఎదురుగా ఎవరో మైకు పట్టుకుని హలో హలో అంటూ చెక్ చేసుకుంటున్నారు. బైకుల మధ్య నుంచి అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చి మీరు ఒక షాపు అద్దాల తలుపు తోశారు. తలుపు మూసుకోగానే వీధి రొద సగం తగ్గింది. ఎదురు గోడ నిండా వరసగా సౌండ్‌బార్లు. మూరెడువి కొన్ని, బారెడువి కొన్ని. వాటి కింద నల్లటి సబ్‌వూఫర్ డబ్బాలు.

"రాండి సార్. అమ్మా, కూసోండి." కుర్రాడు స్టూలు జరిపి రిమోట్ నొక్కాడు. తెర మీద హెలికాప్టర్ లేచింది. వాన కురిసింది. ఏదో పేలింది. అమ్మ కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు కాళ్లు అదిరాయి. ఆ అదురు మీ ఛాతీకి కూడా తెలిసింది.

"ఎట్లుంది సార్? ఐదొందల వాట్లు. గల్లీ మొత్తం ఇనవడ్తది."

అమ్మ కొంగు సర్దుకుంది. "బాగుంది నాయనా. మనుషులు మాట్లాడుకునేది ఏదన్నా పెట్టు."

మీరు ఇంతదూరం వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. ఇంట్లో 43 అంగుళాల టీవీ ఉంది. బొమ్మ అద్దంలా ఉంటుంది. కానీ సీరియల్లో అత్తాకోడళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే అమ్మ సౌండ్ పెంచుతుంది. అంతలో ప్రకటన వచ్చి చెవులు అదరగొడుతుంది, తగ్గిస్తుంది. పాటకు తగ్గించడం, మాటకు పెంచడం. రాత్రి పదింటి దాకా రిమోట్ ఆమె చేతిలోంచి దిగదు. "నాకే వినపడట్లేదేమో" అని ఆమె అనుకోవడం మొదలుపెట్టింది. ఆ అనుమానం మోయాల్సింది ఆమె ఒక్కతే కాదు. తప్పులో పెద్ద వాటా టీవీది.

పాత డబ్బా టీవీలకు వెనక బోలెడంత చోటుండేది. చాలావాటికి స్పీకర్ ముందుకు, మన ముఖంలోకి చూసేది. ఇప్పటి టీవీ మందం వేళ్లతో కొలవచ్చు. అంత సన్నటి చోట ఇమిడేవి చిన్న స్పీకర్లే. ఎక్కువ మోడళ్లలో అవి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు బల్లకో గోడకో తగిలి, ఆ తర్వాతే మన దగ్గరికి వస్తుంది. పైగా 5.1లో, అంటే ఐదు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ మిక్స్ చేసిన సినిమాల్లో సంభాషణ ఎక్కువగా మధ్య చానల్లో ఉంటుంది. రెండే స్పీకర్లున్న టీవీ ఆ మధ్య చానల్‌ను కుడి ఎడమల్లోకి కలిపేస్తుంది. అక్కడ అప్పటికే వయొలిన్లూ డప్పులూ ఉన్నాయి. మాట వాటిలో మునుగుతుంది.

చెవి సంగతి కూడా ఉంది. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి కింది స్థాయిలో మోగుతాయి. స, శ, చ, త లాంటి హల్లుల ఆనవాళ్లు పైస్థాయిలో, సన్నగా ఉంటాయి. వయసు పైబడుతుంటే చెవి ముందుగా వదులుకునేది ఆ పైస్థాయినే. అందుకే అమ్మకు "ఎవరో మాట్లాడుతున్నారు" అని తెలుస్తుంది, "ఏమన్నారు" అనేది తెలియదు. దానికి బేస్ పెంచితే లాభం లేదు. ఆ హల్లులు తేటగా, నేరుగా ఆమె చెవి దాకా రావాలి.

"వార్తలు పెట్టు ముందు" అని మీరు అడిగారు. కుర్రాడు ఫోన్లోంచి తెలుగు బులెటిన్ పెట్టాడు. మొదట 2.1 అని రాసి ఉన్న బార్. అంటే కుడి ఒకటి, ఎడమ ఒకటి, చుక్క తర్వాతి అంకె సబ్‌వూఫర్. న్యూస్‌రీడర్ గొంతు బాగానే ఉంది. "సార్, ఇగ ఇది ఇనుండ్రి" అని రెండోది పెట్టాడు. ఇది ఇంకా బాగుందనిపించింది. అయితే ఇది సౌండ్ కూడా ఎక్కువ పెట్టి ఉంది. సౌండ్ ఎక్కువున్నది సాధారణంగా మెరుగ్గానే అనిపిస్తుంది, చెవి గుణం అది. "రెండూ ఒకే సౌండ్‌కి తెచ్చి వినిపించు" అన్నారు మీరు. తెచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

రెండోది 3.1. కుడి ఎడమల మధ్య మాటకోసమే ఇంకో స్పీకర్ ఉంది. గొంతు తెర మధ్యలోంచి, మనిషి నోరున్న చోటు నుంచి వస్తోంది. తేడా చిన్నదే. ఇప్పుడు అమ్మ స్టూలు పక్కకు, తెరకు బాగా ఓరగా జరపండి. ఇంట్లో ఆమె కుర్చీ బాల్కనీ తలుపు దగ్గరే కదా, టీవీకి ఎదురుగా కాదు. 2.1 బార్ మీద వార్తలు చదివే మనిషి గొంతు ఆమె వైపున్న స్పీకర్‌లోకి జారిపోయింది. 3.1 మీద గొంతు తెరను వదల్లేదు. "ఇది బావుంది, పక్కనుంచి కూడా తెలుస్తోంది" అంది అమ్మ, అడక్కుండానే.

ఇంకొకటి అడగండి. "మాయాబజార్ ఉందా, నలుపు తెలుపుది?" 1957 నాటి ఆ సినిమా సౌండ్ ఒకే ట్రాకులో, మోనోలో ఉంది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో తిరిగే ఘట్టం పెట్టించారు. సావిత్రి గొంతులో ఆ రాజసం, మధ్యలో విరుపులు. అమ్మకు ఇది కంఠతా వచ్చు. అయినా ఆమె ముందుకు వంగి వింటోంది. ఒక బార్ మీద పాత రికార్డింగ్ గరగర బాగా పైకి వచ్చి, సకారాలు ఈలలా కుట్టాయి. దాన్ని పక్కన పెట్టేశారు. మీకు బాగా తెలిసిన గొంతు మీద పరీక్షిస్తే ఏ బార్ అయినా క్షణంలో బయటపడుతుంది. షాపువాళ్ల డెమో వీడియో అన్నిటినీ ఒకేలా గొప్పగా చూపిస్తుంది.

కుర్రాడు మళ్లీ వాట్ల దగ్గరికి వచ్చాడు. "అన్నా, అది మూడొందలే. ఇది ఐదొందలు." మీరు అట్ట మీద చిన్నక్షరాలు చదివారు. ఆర్‌ఎంఎస్ అని ఉంటే అది నిలకడగా ఇవ్వగల శక్తి. పీఎంపీఓ అని ఉంటే ఆ అంకెను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఆర్‌ఎంఎస్ రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి శక్తి పదిరెట్లు కావాలి. మీ హాలుకు మూడొందలే ఎక్కువ.

"మరి డాల్బీ అట్మాస్?" కుర్రాడు ఇంకో బార్ వైపు వేలు చూపించాడు. ఆ బార్ నెత్తిన రెండు స్పీకర్లు కప్పు వైపు చూస్తున్నాయి. అవి శబ్దాన్ని కప్పు మీదికి కొడితే అది మనమీదికి దిగాలి. ఆర్ఆర్ఆర్ లాంటి సినిమా అట్మాస్‌లో చూస్తుంటే అది నిజంగా గొప్ప అనుభవం, కాదనలేం. కానీ దానికి కప్పు చదునుగా ఉండాలి. డాల్బీ వాళ్లు చెప్పే ఎత్తు 7.5 అడుగుల నుంచి 12 అడుగుల దాకా. మీ హాలు గుర్తు తెచ్చుకోండి. ఫాల్స్ సీలింగ్‌లో మెట్లు మెట్లుగా లైటు గూళ్లు, మధ్యలో ఫ్యాన్. ఊళ్లో పెంకుటింటికైతే ఈ లెక్క అసలు పనికిరాదు. వెనక స్పీకర్లుండే 5.1 సెట్ సంగతీ అంతే. మీ సోఫా వెనక గోడ లేదు, డైనింగ్ టేబుల్ ఉంది. వైరు లాగితే వంటింటి దారికి అడ్డం. ఆ డబ్బు మాట తేటగా పలికే 3.1 మీద పెట్టడమే మీ ఇంటికి మేలు.

ఇప్పుడు ఫోన్ తీసి, పొద్దున టీవీ వెనక తీసిన ఫొటో చూపించండి. మూడు హెచ్‌డీఎంఐ రంధ్రాలు. రెండోదాని పక్కన ఏఆర్‌సీ అని ఉంది. "ఇంకేం సార్, బ్లూటూత్ లేకున్నా నడుస్తది" అన్నాడు కుర్రాడు, సంతోషంగా. అతను చెప్పింది అక్షరాలా నిజం. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ ఒక్క తీగతోనే టీవీలోంచి శబ్దాన్ని బార్‌కు పంపుతుంది. ఓటీటీల్లో వచ్చే అట్మాస్‌ను కూడా మోయగలదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ ఇంకా పెద్ద దారి. బ్లూరే డిస్కుల్లో ఉండే, నాణ్యత తగ్గని సౌండ్‌కు అది కావాలి. అమ్మ సీరియల్‌కు ఏఆర్‌సీ చాలు. పాత టీవీకి అదీ లేకపోతే ఆప్టికల్ తీగ ఉంది. 5.1 డాల్బీ దాకా వస్తుంది, అట్మాస్ రాదు. బ్లూటూత్ పాటలకు బాగుంటుంది. సినిమాలో మాత్రం పెదవి ముందు కదిలి మాట తర్వాత రావచ్చు.

బిల్లు కట్టే ముందు అట్టపెట్టె విప్పించారు. హెచ్‌డీఎంఐ తీగ ఉందా, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర పడ్డాయా, ఇంట్లో కుదరకపోతే మార్చి ఇస్తారా, ఎన్నాళ్లలోపు. అన్నీ బిల్లు వెనక రాయించుకున్నారు. అమ్మ కుర్రాడితో "నీ మాట నాకు బాగా వినపడింది నాయనా" అని నవ్వింది.

ఇల్లు. టీవీ ముందు బార్ పెట్టారు. టీవీ కాళ్ల మధ్య పట్టింది, తెర అంచుకు తగల్లేదు, రిమోట్ కన్ను మూసుకుపోలేదు. బయల్దేరే ముందు టేపుతో కొలిచి వెళ్లినందుకు ఫలితం ఇది. 43 అంగుళాల టీవీ అడ్డం సుమారు 95 సెంటీమీటర్లు. అంతకు మించిన బార్ ఈ బల్ల మీద ఒదగదు. బార్‌ను షోకేస్ గూట్లోకి తోయకండి. బల్ల ముందంచు దాకా జరపండి. లోపలికి పెడితే గూడు గోడలకు తగిలి మాట బొంగురుపోతుంది.

హాలు మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. టైల్స్ నేల, ఖాళీ గోడలు. చప్పట్ల వెనకే సన్నగా ఇంకో మోత వినపడింది. ఆ మోతే ప్రతి మాట తోకకూ అంటుకుంటుంది. బాల్కనీ తలుపుకు మందపాటి కర్టెన్ లాగి, బీరువాలో మడిచి ఉన్న తివాచీ తీసి టీవీకీ సోఫాకీ మధ్య పరిచారు. మళ్లీ చప్పట్లు. మోత చాలావరకు పోయింది. దీనికి పైసా ఖర్చు లేదు.

సబ్‌వూఫర్‌ను మూల పెట్టగానే గది గుమ్మని మోగింది. మూలలో బేస్ బలుస్తుంది. మగ గొంతులన్నీ బరువెక్కి ముద్దగా వినపడ్డాయి. మూలనుంచి బయటికి, టీవీ బల్ల పక్కకు జరిపి, దాని సౌండ్ రెండు మూడు మెట్లు దించారు. కింద ఫ్లాటువాళ్లకూ అది మంచిదే.

తీగ ఏఆర్‌సీ అని ఉన్న రంధ్రంలోనే పెట్టారు. టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ ఎంచుకుని, టీవీ స్పీకర్లు ఆపేశారు. రెండూ మోగితే మాట జంటగా వినపడుతుంది. సీఈసీ ఆన్ చేశారు. శాంసంగ్‌లో దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. ఇక బార్‌కు వేరే రిమోట్ అక్కర్లేదు. అమ్మకు అలవాటైన టీవీ రిమోట్‌తోనే సౌండ్ పెరుగుతుంది, తగ్గుతుంది. కొత్త రిమోట్ నేర్చుకోవాల్సిన పని పెద్దవాళ్లకు పెట్టకూడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫ్యాన్ ఐదు మీద పెట్టండి. వంటింట్లో కుక్కర్ ఎక్కించండి. తలుపు మూసిన షాపులో అన్నీ బాగానే వినపడతాయి. ఇల్లంటే ఈ రొద మధ్యనే. అమ్మ బాల్కనీ దగ్గర తన కుర్చీలో కూర్చుంది. సీరియల్ వస్తోంది. వాయిస్ మోడ్ నొక్కారు, హల్లులు పదును తేరాయి. నైట్ మోడ్ నొక్కారు, పెద్ద మోతలు తగ్గి చిన్న మాటలు పైకి వచ్చాయి. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది బాగా పనికొస్తుంది. ప్రకటన వచ్చింది. అమ్మ చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి వెళ్లింది, నొక్కలేదు. అవసరం పడలేదు. తెరమీద కోడలు గొంతు తగ్గించి ఏదో అంది. "అదిగో, అబద్ధం చెబుతోంది" అంది అమ్మ వెంటనే.

ఒకటి మాత్రం గమనించండి. ఎదురుగా కూర్చుని మాట్లాడినా మీ ఇంట్లో పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ "ఏంటీ" అంటుంటే అది టీవీ లోపం కాదు. అలాంటప్పుడు ముందు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. సౌండ్‌బార్ ఆ తర్వాత.

ఐదారు వేల నుంచి లక్ష దాటిన ధర దాకా ఈ బార్లు దొరుకుతాయి. ఏ ధరలో కొన్నా, ఇంట్లో అందరికంటే తక్కువ వినపడే మనిషిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు రోజూ చూసేదే పెట్టించండి, రోజూ కూర్చునే వైపే కూర్చోబెట్టండి, రిమోట్ వాళ్ల చేతికే ఇవ్వండి. వాళ్లు చాలన్న చోట బేరం ముగించండి. వాళ్లకు మాట అందిందంటే ఇంట్లో మిగతా అందరికీ అందినట్టే.